పెద్ద లీగుకు తాళం పడిన ఏడాది

గత సంచికలో ఐస్ హాకీ గురించి ఒక పాఠకుడికి నాలుగు వాక్యాల్లో జవాబిస్తూ, 2004-05లో ఉత్తర అమెరికాలోని పెద్ద లీగు ఏడాదంతా మూతపడిందని రాశాం. ఆ ఒక్క మాట పట్టుకుని విజయవాడ, గుంటూరు నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఏడాదికి, ముఖ్యంగా ఆ ఏడాది ఆట ఆగకుండా నడిపిన చిన్న లీగులకు కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి పురుటికని వెళ్ళి ఆరు నెలలు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలెన్‌టౌన్‌లో ఉన్నాను. ఒక శనివారం సాయంత్రం మా అల్లుడు మమ్మల్ని లీహై వ్యాలీ ఫాంటమ్స్ అనే జట్టు ఆడే ఐస్ హాకీ ఆటకు తీసుకెళ్ళాడు. ఆ నల్ల రబ్బరు బిళ్ల వచ్చి మా ముందున్న అద్దానికి తగిలినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. అటువంటి బిళ్లే ఒకటి కొనిచ్చాడు, ఇప్పుడది మా షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన ఉంది. ఈ జట్టే 2005లో ఫిలడెల్ఫియాలో ఉండగా కప్పు గెలిచిందనీ, ఆ ఏడాది పెద్ద లీగు ఆటే జరగలేదనీ అతను చెప్పాడు. అంత పెద్ద లీగు ఎందుకు మూతపడింది? అది మూతపడితే దాని కింది లీగు ఎలా నడిచింది?
— ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అల్లుడు చెప్పినది అక్షరాలా నిజం. మీరు చూసిన జట్టు 1996లో ఫిలడెల్ఫియా ఫాంటమ్స్ అనే పేరుతో మొదలైంది. 2009లో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్‌కు, 2014లో అలెన్‌టౌన్‌కు తరలింది. ఊరు మారిన ప్రతిసారీ ముందు మాట మారింది గానీ ఫాంటమ్స్ అన్న పేరు, ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ అనే పెద్ద జట్టుతో ఉన్న బంధం అలాగే నిలిచాయి.

ఆ బంధం ఏమిటో ముందు చెప్పుకోవాలి. ఉత్తర అమెరికాలో వృత్తిగా ఆడే ఐస్ హాకీకి అంతస్తులున్నాయి. అన్నిటికన్నా పైన నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్. అప్పటికి అందులో 30 జట్లు. దాని కింద 1936 నుంచి నడుస్తున్న అమెరికన్ హాకీ లీగ్, అంటే ఏహెచ్‌ఎల్. 2004-05లో అందులో 28 జట్లు, ఒక్కో జట్టు ఆడవలసిన ఆటలు 80. ఆ కింద 1988లో పుట్టిన ఈసీహెచ్‌ఎల్, ఇంకా కింద యునైటెడ్, సెంట్రల్ అనే లీగులు ఉండేవి. మైనర్ లీగ్ అన్న మాట విని వీటిని పిల్లల పోటీలనుకోకూడదు. వీటిలో ఆడేవాళ్ళందరూ ఆ జీతం మీద బతికేవాళ్ళే. ఏహెచ్‌ఎల్ జట్టులో ఉన్న కుర్రాడికి చాలాసార్లు ఒప్పందం పై జట్టుతోనే ఉంటుంది. పైన ఒకరికి దెబ్బ తగిలితే ఇతనికి రాత్రికి రాత్రి ఫోను వస్తుంది, తెల్లవారేసరికి విమానంలో ఉంటాడు. వారం తిరిగేసరికి మళ్ళీ కిందికి పంపవచ్చు కూడా. ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద పెట్టుకుని బతికే ఉద్యోగం అది.

ఇక మూత సంగతి. సమ్మెకూ లాకౌట్‌కూ తేడా ఏమిటో విజయవాడ వాళ్ళకు విడమరిచి చెప్పనక్కర లేదు. ఇది ఆటగాళ్ళు చేసిన సమ్మె కాదు, యజమానులు వేసిన తాళం. ఆటగాళ్ళ సంఘంతో ఉన్న ఒప్పందం 2004 సెప్టెంబరు 15తో ముగిసింది, మర్నాటి నుంచి లాకౌట్. జీతాలకు ఒక గరిష్ఠ పరిమితి ఉండాలని యజమానులు పట్టుబట్టారు. వచ్చిన ఆదాయంలో మూడొంతుల దాకా జీతాలకే పోతోందన్నది వారి వాదన. ఆటగాళ్ళు డిసెంబరులో తమ జీతాలను 24 శాతం తగ్గించుకోవడానికి తామే ముందుకు వచ్చారు గానీ పరిమితి అన్న మాటను మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. ఒప్పుకున్న తరువాత బేరం అంకెల దగ్గర ఆగింది. జట్టుకు 4 కోట్ల 25 లక్షల డాలర్లని యజమానులు, 4 కోట్ల 90 లక్షల డాలర్లని సంఘం. ఆ మధ్య దూరం పూడక, 2005 ఫిబ్రవరి 16న లీగు కమిషనర్ గ్యారీ బెట్‌మన్ సీజన్ మొత్తాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. 1,230 ఆటలు పోయాయి. పెద్ద లీగు విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పును ఎవరికీ ఇవ్వకపోవడం 1919 తరువాత అదే మొదలు. 1919లో అడ్డుపడింది స్పానిష్ ఫ్లూ. చివరకు జులైలో రాజీ కుదిరినప్పుడు తొలి ఏడాదికి ఖాయమైన పరిమితి 3 కోట్ల 90 లక్షల డాలర్లు, అంటే ఫిబ్రవరిలో సంఘం వద్దన్న అంకె కన్నా తక్కువ. ఆ వివరం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

తాళం పడింది ఎన్‌హెచ్‌ఎల్‌కు మాత్రమే. ఏహెచ్‌ఎల్ వేరే సంస్థ, దాని ఆటగాళ్ళకు 1967 నుంచి వేరే సంఘం ఉంది. అందుచేత అక్టోబరు రాగానే అక్కడ మామూలుగానే ఆట మొదలైంది. అయితే ఆ ఏడాది అక్కడ ఆడినవాళ్ళు మామూలు వాళ్ళు కారు. లాకౌట్ వస్తుందని ముందే తెలిసిన పెద్ద జట్లు, నిబంధనల ప్రకారం కిందికి పంపగల కుర్రాళ్ళందరినీ ముందుగానే ఏహెచ్‌ఎల్‌కు పంపేశాయి. మామూలు ఏడాదిలో పెద్ద లీగులో ఉండవలసిన ఒక తరం మొత్తం ఆ శీతాకాలం చిన్న ఊళ్ళలో బస్సులెక్కి తిరిగింది. ఎడ్మంటన్‌లోనైతే పెద్ద జట్టు ఆడే హాలులోనే రోడ్ రన్నర్స్ అనే ఏహెచ్‌ఎల్ జట్టును ఆ ఒక్క సీజన్ ఆడించారు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళు కార్మిక సంఘంలో పనిచేసి విరమించుకున్నవాణ్ణి. యజమానులు తాళం వేసినప్పుడు బయటికి వెళ్ళి వేరేచోట పనిచేయడం మా లెక్కలో తోటివాడి పొట్ట కొట్టడమే. పై లీగు ఆటగాళ్ళు కింది లీగులోకి దిగి ఆడటం సబబేనా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అయ్యా, వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న మీది. దీనికి రెండు భాగాలుగా జవాబు చెప్పాలి.

మొదటిది, వాళ్ళు తాళం వేసిన యజమానికి పని చేసిపెట్టి సంఘాన్ని దెబ్బతీసినవాళ్ళు కారు. పెద్ద లీగు హాళ్ళలో ఎన్‌హెచ్‌ఎల్ ఆట ఒక్కటీ జరగలేదు, బదులు ఆటగాళ్ళను తెచ్చి సీజన్ నడపలేదు. ఏహెచ్‌ఎల్‌కు వెళ్ళిన కుర్రాళ్ళు తమ ఒప్పందం ప్రకారం పంపితే వెళ్ళినవాళ్ళు. పెద్ద పేరున్నవాళ్ళలో 380 మందికి పైగా యూరప్‌కు వెళ్ళి ఆడారు. యారొమీర్ యాగర్ వంటి మహా ఆటగాడు తన సొంత ఊరు క్లాడ్నోలోనూ, తరువాత రష్యాలోని ఓమ్స్క్‌లోనూ ఆడాడు. సంఘం వీటిలో దేనినీ తప్పు పట్టలేదు.

రెండవది మీరు అడగదలచుకున్నది, దానిలో మీ మాటే న్యాయం. జట్టులో చోట్లు ఎన్నో అన్నే. పై మెట్టు నుంచి ఒకడు దిగివస్తే, ఈ మెట్టు మీద నిలబడినవాడు కింది మెట్టుకు దిగాలి, అక్కడివాడు ఇంకా కిందికి దిగాలి. అన్నిటికన్నా చివరి మెట్టు మీద ఉన్నవాడికి దిగడానికి మెట్టే ఉండదు. ఏహెచ్‌ఎల్‌లో ఐదారేళ్ళుగా కుదురుకున్న ముప్పై ఏళ్ళ ఆటగాడు ఆ శరదృతువులో ఈసీహెచ్‌ఎల్‌కు వెళ్ళాడు. ఈసీహెచ్‌ఎల్‌లో వారం జీతం మీద నెగ్గుకొస్తున్నవాడు యునైటెడ్ లీగు గుమ్మం తొక్కాడు. అక్కడ కూడా చోటు దొరకనివాడు ఇంటికి వెళ్ళి ఏ వడ్రంగి పనో చూసుకోవలసి వచ్చింది. కోటీశ్వరులకూ లక్షాధికారులకూ మధ్య జరిగిన తగాదాలో ఇతను ఏ పక్షమూ కాడు. బల్ల దగ్గర ఇతనికి కుర్చీ లేదు, అయినా బిల్లులో వాటా పడింది. ఆ ఏడాది ఏహెచ్‌ఎల్ చరిత్రలోనే గొప్ప సీజన్లలో ఒకటని అందరూ రాస్తారు, నేను కూడా అలాగే అనుకుంటాను. కానీ ఆ గొప్పతనానికి ఎవరో చోటు ఖాళీ చేశారన్న సంగతిని దాని పక్కనే రాసుకోవాలి.

మిషిగన్ రాష్ట్రంలో యునైటెడ్ లీగుకు చెందిన మోటార్ సిటీ మెకానిక్స్ అనే జట్టుండేది. ఆ శీతాకాలం అందులో క్రిస్ చెలియోస్, డేరియన్ హాచర్ ఆడారు. చెలియోస్‌కు ఆ జనవరిలో 43 ఏళ్ళు నిండాయి. అంతటివాడు అంత చిన్న హాలులో ఆడటం చూసినవాళ్ళు ధన్యులే. అతనికి దారి ఇచ్చి బెంచీ మీద కూర్చున్నవాడి వైపు నుంచి కూడా ఆ దృశ్యాన్ని చూడాలని మీ ఉత్తరం గుర్తుచేసింది.

ప్రశ్న: సార్, ఆ ఏడాది చిన్న లీగుల్లో అందరికన్నా బాగా ఆడినవాడు ఎవరు? వాళ్ళు తరువాత ఏమయ్యారు?
— ఇంజినీరింగ్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: అంకెలు చూస్తే జేసన్ స్పెజ్జా. పెద్ద జట్లు ఏటా వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఒట్టావా సెనేటర్స్ జట్టు 2001లో మొత్తం మీద రెండో ఎంపికగా తీసుకున్న కుర్రాడు. ఆ ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో 80 ఆటలూ ఆడి 32 గోల్స్ కొట్టాడు, తోటివాళ్ళ గోల్స్‌కు 85 సార్లు పాస్ అందించాడు, మొత్తం 117 పాయింట్లు. ఐస్ హాకీలో గోల్ కొట్టినవాడికీ, దానికి దారి వేసినవాడికీ చెరొక పాయింటు సమానంగా ఇస్తారు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం అదే. లీగులో ఎక్కువ పాయింట్లకు ఇచ్చే బహుమతి, ఉత్తమ ఆటగాడి బహుమతి రెండూ స్పెజ్జాకే వచ్చాయి.

లొవెల్ అనే మసాచుసెట్స్ ఊరి జట్టులో ఆ శీతాకాలం ఎరిక్ స్టాల్, క్యామ్ వార్డ్ కలిసి ఆడారు. మరుసటి ఏడాది పెద్ద లీగు తెరుచుకోగానే స్టాల్ కెరొలైనా తరఫున సరిగ్గా 100 పాయింట్లు చేశాడు. గోల్ దగ్గర నిలబడిన వార్డ్ 2006లో స్టాన్లీ కప్పు పోటీల ఉత్తమ ఆటగాడయ్యాడు. ప్రావిడెన్స్‌లో పాట్రీస్ బెర్జెరాన్, రోచెస్టర్‌లో గోల్‌కీపర్ రయన్ మిల్లర్, ఆల్బనీలో జాక్ పరీజె ఉన్నారు. పేర్లు చెప్పుకుంటూ పోతే కాగితం చాలదు.

కానీ మీరు ఒక్కణ్ణే గుర్తుపెట్టుకుంటానంటే నేను స్కాట్ గోమెజ్ పేరు చెబుతాను. అలాస్కాలోని యాంకరేజ్‌లో పుట్టి పెరిగినవాడు, తండ్రి వైపు మెక్సికో, తల్లి వైపు కొలంబియా మూలాలు. న్యూజెర్సీ జట్టుతో అప్పటికే 2000, 2003లలో రెండు స్టాన్లీ కప్పులు గెలిచాడు. ఒప్పందం కుదరక తాళం పడినప్పుడు యూరప్‌లో ఎక్కడైనా మంచి డబ్బుకు ఆడగలడు. అతను ఇంటికి వెళ్ళాడు. సొంత ఊళ్లో ఈసీహెచ్‌ఎల్ జట్టు అలాస్కా ఏసెస్ ఉంది; రెండు మెట్లు కిందిది. ఆ జట్టు చొక్కా వేసుకుని 61 ఆటల్లో 13 గోల్స్, 73 పాస్‌లతో 86 పాయింట్లు చేశాడు. లీగులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు, ఉత్తమ ఆటగాడి బహుమతి రెండూ అతనివే. ఆ 73 అన్న అంకెను ఒకసారి మళ్ళీ చూడండి. తనకన్నా రెండు మెట్లు కింద ఆడేవాళ్ళ మధ్యకు వచ్చిన పెద్ద ఆటగాడు, తలుచుకుంటే ప్రతి బిళ్లనూ తానే గోల్లోకి కొట్టగలిగినవాడు, 73 సార్లు పక్కవాడికి అందించాడు.

ప్రశ్న: నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెషిన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. టిక్కీలు పాడవకుండా గదిని చల్లగా ఉంచడానికే మేము రాత్రింబవళ్ళు కాపలా కాస్తాం. వేలమంది జనం కూర్చునే హాలులో ఐసు కరగకుండా ఎలా నిలుపుతారు? ఎండ దేశాల్లో కూడా ఆడతారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ చేతి కింద ఉన్న యంత్రమే అక్కడా ఉంటుంది. చాలా హాళ్ళలో అమ్మోనియా కంప్రెసర్ నడుస్తుంది. తేడా ఒక్కటే: మీ దగ్గర అమ్మోనియా గదిలోని గాలిని చల్లబరిస్తే, అక్కడ ఉప్పునీటిని చల్లబరుస్తుంది. గడ్డకట్టని ఆ ఉప్పునీరు కాంక్రీటు నేల కింద పరిచిన మైళ్ళకొద్దీ గొట్టాల్లో తిరుగుతూ నేలను సున్నా కన్నా బాగా కిందికి తెస్తుంది. మన ఐసు ఫ్యాక్టరీల్లో డబ్బాల్లో నీళ్ళు పోసి ఉప్పునీటి తొట్టిలో దించి దిమ్మలు కట్టించే పద్ధతిని పడుకోబెట్టి పరిచినట్టన్నమాట. నేల మీద నీటిని పల్చగా చల్లి, గడ్డకట్టాక మళ్ళీ చల్లి, పొర మీద పొరగా పెంచుతారు. మధ్యలో తెల్ల రంగు, దాని మీద ఎర్ర, నీలి గీతలు వేసి, పైన మళ్ళీ నీటి పొరలు. ఇంతా చేస్తే మొత్తం మందం సుమారు ఒక అంగుళం. పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. జనం ఎంతమంది ఊపిరి వదిలినా చలి పుట్టేది అడుగు నుంచి కాబట్టి ఐసు నిలుస్తుంది.

ఇరవై నిమిషాల ఆట జరిగేసరికి ఇనుప బూట్ల కింద ఆ ఐసు గీరుకుపోయి, పైన పొడి లేస్తుంది. అప్పుడు ట్రాక్టరంత యంత్రం ఒకటి లోపలికి వచ్చి, ముందు పై పొరను కత్తితో గీరి, కడిగి, వెనక తడి గుడ్డ ఈడ్చుకుంటూ పల్చటి నీటి పొర పరుస్తుంది. ఆ నీళ్ళు వేడి నీళ్ళు. వేడి నీరు గీతల అంచులను కాస్త కరిగించి పాత ఐసుతో అతుక్కుంటుంది, పొర గట్టిగా, అద్దంలా వస్తుంది. ఆ యంత్రాన్ని జంబోనీ అంటారు. దాన్ని కనిపెట్టిన ఫ్రాంక్ జంబోనీ చరిత్ర మీకు తప్పక నచ్చుతుంది. ఆయన, ఆయన తమ్ముడు కాలిఫోర్నియాలో ఐసు దిమ్మల ఫ్యాక్టరీ నడిపేవారు. ఇళ్ళలోకి ఫ్రిజ్‌లు వచ్చి దిమ్మలు కొనేవారు తగ్గిపోవడంతో, తమకు వచ్చిన విద్య ఐసు కట్టించడమే కాబట్టి, 1940లో స్కేటింగ్ హాలు తెరిచారు. ఐసును మళ్ళీ నున్నగా చేయడానికి ముగ్గురు నలుగురు మనుషులకు గంటకు పైగా పట్టేది. ఏళ్ళ తరబడి తంటాలు పడి 1949లో ఆయన ఆ పనంతా ఒక్కడే పది నిమిషాల్లో చేసే బండిని తయారుచేశారు. ఊక చల్లిన ఐసు దిమ్మలను రిక్షాల్లో వేసుకుపోయే వీధుల్లో పెరిగినవాళ్ళకు ఈ ఆట పరాయిది కాదని నాకు అనిపించేది ఇటువంటి చోటే.

ఎండ ఊళ్ళ సంగతి అడిగారు. అదే చిన్న లీగుల ప్రత్యేకత. మెక్సికో సరిహద్దు మీద ఉన్న లరేడోలో వేసవి మన రోహిణి కార్తెకు తీసిపోదు, అక్కడ సెంట్రల్ లీగు జట్టు ఉండేది. 2005 ఈసీహెచ్‌ఎల్ కెల్లీ కప్పు తుది పోరులో ట్రెంటన్ టైటన్స్‌తో తలపడిన ఫ్లోరిడా ఎవర్‌బ్లేడ్స్ సొంత ఊరు ఎస్టెరోలో మంచు కురవడమన్నదే ఉండదు. ట్రెంటన్ నాలుగు ఆటలు గెలిచి, రెండు ఓడి కప్పు అందుకుంది. బయట జనం చొక్కాలు తడిసే ఉక్కపోతలో ఉంటే, లోపల మీబోటి ఆపరేటర్ ఒకడు మీటర్ల వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. అతని పేరు ఏ స్కోరు పట్టికలోనూ ఉండదు.

ప్రశ్న: అమెరికాలో చెత్త తరలించే వ్యాపారి ఒకరు హాకీ జట్టు కొని తన 17 ఏళ్ళ కొడుక్కి అప్పగించారని విన్నాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నిజమే, అదీ ఈ సీజన్‌లోనే. కనెక్టికట్‌లోని డాన్‌బరీ ఊరి ఆ జట్టుకు యజమాని వ్యాపారాన్ని బట్టే ట్రాషర్స్ అని పేరు పెట్టారు, యునైటెడ్ లీగులో ఆడింది. కొట్లాటలకు పేరు మోసింది, ఊరివాళ్ళు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. యజమాని మీద తరువాత నడిచిన ఫెడరల్ కేసులో, లీగు విధించిన జీతాల పరిమితిని దొంగచాటుగా దాటిన నేరం కూడా ఉంది, ఆయన నేరం ఒప్పుకుని జైలుకు వెళ్ళారు. పై లీగు జీతాల పరిమితి కోసం తాళం వేసుకున్న ఏడాదిలోనే, కింది లీగులో పరిమితిని తప్పించుకునే పని ఇలా జరిగింది. జట్టు రెండు సీజన్లకు మించి బతకలేదు.

ప్రశ్న: ఆ ఒక్క ఏడాది వల్ల ఆటలో ఏమైనా మార్పు మిగిలిందా, లేక తాళం తీయగానే అంతా యథాప్రకారమేనా?
— ఉపాధ్యాయిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మిగిలింది, అదీ చిన్న లీగు నుంచి పెద్ద లీగు నేర్చుకున్నది. ఏహెచ్‌ఎల్ 2004-05లో కొన్ని కొత్త నియమాలను ఆడి చూసింది. అంతకుముందు అదనపు సమయంలో కూడా ఎవరూ గెలవకపోతే ఆట సమంగా ముగిసేది. ఆ ఏడాది నుంచి జట్టుకు ఐదుగురు చొప్పున ఒక్కొక్కరే బిళ్ల తీసుకెళ్ళి గోల్‌కీపర్ ఎదుట తలపడే షూటౌట్ పెట్టారు. గోల్‌కీపర్ గోల్ వెనక్కి వెళ్ళి బిళ్లను ముట్టుకోవడానికి ఒక హద్దు గీశారు. మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ తెరుచుకున్నప్పుడు ఈ రెండూ అక్కడికి వెళ్ళాయి, షూటౌట్‌లో ఐదుగురి బదులు ముగ్గురు. ఇప్పుడు పెద్ద లీగులో సమంగా ముగిసే ఆట లేదు. షూటౌట్ మీద నాకు మోజు లేదు. అరవై నిమిషాలు ఆరుగురు కలిసి ఆడిన ఆటను చివర ఒక్కడి చేతిలో పెట్టడం నాకు నచ్చదు. కానీ దాని కోసం ఊపిరి బిగబట్టే జనాన్ని చూస్తే నా మాట చెల్లదని తెలుస్తూనే ఉంది.

ప్రశ్న: పెద్ద ఆటలు చూసే అలవాటున్న జనం చిన్న లీగు ఆటకు వస్తారా? ఆ ఏడాది చివరి ఆట ఎలా జరిగిందో చెప్పగలరా?
— ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: వచ్చారు. ఆ సంగతి ఫిలడెల్ఫియాలో తేలింది. ఫాంటమ్స్ మామూలుగా ఆడేది స్పెక్ట్రమ్ అనే పాత హాలులో. ఫ్లయర్స్ కొత్త హాలుకు వెళ్ళిపోయాక వదిలిన ఇల్లు అది, తరువాత దాన్ని కూల్చేశారు. పక్కనే పెద్ద జట్టు ఆడే కొత్త హాలు ఆ ఏడాది ఫ్లయర్స్ ఆట లేక బోసిపోయింది.

ఫాంటమ్స్ ఆ సీజన్‌లో వరసగా 17 ఆటలు గెలిచి అప్పటికి ఏహెచ్‌ఎల్ రికార్డు నెలకొల్పింది. శిక్షకుడు జాన్ స్టీవెన్స్. గోల్ దగ్గర ఫిన్లండ్ కుర్రాడు ఆంటెరో నీట్టిమాకి. కప్పు పోటీలు మొదలయ్యేసరికి జూనియర్ ఆట ముగించుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, జెఫ్ కార్టర్, మైక్ రిచర్డ్స్, వచ్చి చేరారు. 2003లో ఫ్లయర్స్ మొదటి రౌండులోనే ఎంచుకున్న జోడీ ఇది. సీజనంతా బస్సుల్లో తిరిగిన జట్టులోకి ఆఖరి ఘట్టంలో వచ్చిన కొత్తవాళ్ళను పాతవాళ్ళు కడుపులో పెట్టుకున్నారనే అనాలి, ఎందుకంటే కార్టర్ 21 ఆటల్లో 23 పాయింట్లు చేశాడు. వీళ్ళిద్దరే తరువాత లాస్ ఏంజిలిస్ తరఫున 2012, 2014లలో స్టాన్లీ కప్పులు అందుకున్నారు.

తుది పోరు షికాగో వుల్వ్స్‌తో. ఫాంటమ్స్ మొదటి మూడు ఆటలూ గెలిచింది. నాలుగో ఆటను 2005 జూన్ 10న ఫ్లయర్స్ ఆడే పెద్ద హాలులో పెట్టారు. ఆ రాత్రి టిక్కెట్టు కొని వచ్చినవాళ్ళు 20,103 మంది. ఏడాదంతా పెద్ద ఆట చూడక మొహం వాచిన ఊరు అది. వాళ్ళు చూడటానికి వచ్చింది మాత్రం కోట్ల జీతాల పేర్లను కాదు, బస్సుల్లో తిరిగే జట్టును. ఫాంటమ్స్ 5-2తో గెలిచి, ఏహెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే కాల్డర్ కప్పు అందుకుంది, 1998 తరువాత ఆ జట్టుకు అది రెండోది. కప్పు పోటీల ఉత్తమ ఆటగాడి బహుమతి నీట్టిమాకికి వచ్చింది. తొమ్మిది నెలలు తిరక్కముందే అతను టోరినో ఒలింపిక్స్‌లో ఫిన్లండ్‌కు రజతం తెచ్చిన జట్టులో ఆడి, ఆ పోటీల్లో కూడా ఉత్తమ ఆటగాడయ్యాడు. కింది అంతస్తులో ట్రెంటన్ కూడా ఫ్లయర్స్ కుటుంబానిదే కాబట్టి, ఆ ఏడాది పై జట్టు ఒక్క ఆటా ఆడకుండానే, దాని కింది రెండు జట్లూ రెండు కప్పులు ఇంటికి తెచ్చాయి.

లబ్బీపేట పాఠకురాలికి ఒక మాట. ఈసారి అలెన్‌టౌన్ వెళ్ళినప్పుడు ఆట మొదలవడానికి అరగంట ముందే హాలులో కూర్చోండి. ఆటగాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకుని లోపలికి వెళ్ళాక జంబోనీ వచ్చి వేడి నీళ్ళు పరుస్తుంది, ఐసు మీద నుంచి సన్నటి ఆవిరి లేస్తుంది. మీ షోకేసులో ఉన్న బిళ్ల వంటివాటిని ఆ సమయానికి ఎగిరి పడకుండా ఉండటానికి గడ్డకట్టే చలిలో ఉంచుతారు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 170 గ్రాముల దాకా బరువు. అవకాశం ఉంటే ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి, మొదట ఇనుప ముక్కలా తగిలి, అరచేతి వేడికి కొద్దికొద్దిగా రబ్బరవుతుంది.